ద్వారబంధం మీద ఇత్తడి గొట్టం

మూత తీయకుండానే డబ్బాలో ఏముందో చెప్పేసే మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పేరు ధర్మలింగం. వయసు డెబ్బై ఆరు. చదువు ఊళ్ళో అయిదో తరగతి దాకా, అందులోనూ సగం నిద్ర. అయినా సరే, డబ్బాను ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చాలు. లోపల ఉన్నవి లవంగాలా, బొత్తాలా, చచ్చిన బొద్దింకా అన్నది చెప్పేస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ సంగతి అలా ఉంచండి. ఆ సోమవారం సాయంత్రం మా మనవరాలు జనని స్కూలు నుంచి వచ్చీ రాగానే బ్యాగు నా ఒళ్ళో పడేసింది. వీధి తలుపు మూసి గడియ పెట్టింది. కిటికీ కూడా మూసింది.

"ఏందిమే, ఉక్కపోస్తా ఉండాది, కిటికీ తియ్" అన్నాను.

"ష్... తాతా. ఎదురింటి మేడ మీద ఆంటీ ఉండాది చూడు, ఆమె మీద నాకు డౌట్."

మాది చెన్నైలో జార్జి టౌన్. పవళక్కార వీధిలో ఇల్లు. మా ఎదురిల్లు మీరాన్ భాయ్‌ది. ఆయన మనవరాలు జులైకా, మా జనని ఒకే క్లాసు, ఒకే బెంచీ. రెండు నెలల కిందట భాయ్ తన మేడ మీది వాటా అద్దెకిచ్చాడు. వచ్చినావిడ పేరు సిపోరా. బొంబాయి నుంచి హార్బర్‌లో ఉద్యోగానికి బదిలీ మీద వచ్చింది. ఒక్కతే ఉంటుంది. ఆవిడ యూదు మతస్థురాలు. బొంబాయి వైపు తరతరాలుగా ఉంటున్న యూదులట. చీర కట్టుకుని, చేతిలో కూరగాయల సంచితో వస్తుంటే మన పక్కింటి ఆవిడలాగే ఉంటుంది.

జననికి అదే పెద్ద డౌట్.

"మామూలుగా కనపడేవాళ్ళనే నమ్మకూడదు తాతా" అని ఒక నోటు పుస్తకం తీసింది. అట్ట మీద 'రహస్యం' అని రాసి ఉంది. ఎర్ర ఇంకుతో, ఎవరికైనా కనపడేంత పెద్దగా.

"మొదటిది. ఆమె తలుపు పక్కన, ద్వారబంధం మీద, వేలెడంత ఇత్తడి గొట్టం బిగించి ఉండాది. పోయేటప్పుడు దాన్ని తాకి వేళ్ళకి ముద్దు పెట్టుకుంటాది. వచ్చేటప్పుడు కూడా. రెండోది. శుక్రవారం పొద్దు గూకే ముందు కర్టెన్ వేసేసి లోపల దీపాలు వెలిగిస్తాది. మూడోది విను. శనివారం ఆమె ఫోన్ ముట్టదు. స్విచ్ వెయ్యదు. కింద జులైకా వాళ్ళింటికి వస్తే కాలింగ్ బెల్ కూడా నొక్కదు, తలుపు తడతాది. ఎందుకు?"

"ఎందుకు?"

"వేలిముద్రలు పడకూడదని!"

ఇక్కడ నేను చేయవలసిన పని ఒకటుంది. 'పో, పోయి ఆ ఆంటీనే అడుగు' అని చెప్పాలి. కాని నాలాంటి వాడికి కథ దొరికితే ఊరుకోగలనా?

"మన వీధి పేరేంది?" అన్నాను గొంతు తగ్గించి.

"పవళక్కార వీధి."

"పవళం అంటే?"

"పగడం."

"ఆఁ. మూడొందల ఏండ్ల నాడు ఈడ పగడాల యాపారం జరిగేది. ఆ యాపారుల్లో యూదులు కూడా ఉండారు. ఇప్పుడు ఈమె సరిగ్గా ఈ వీధినే వెతుక్కుంటా ఎందుకొచ్చినట్టు? ఆ గొట్టంలో ఏముండాదో నేను ఈడ నుంచే చెప్తా. పగడం. వేరుశనగ్గింజంత. ఎర్రగా."

జనని కళ్ళు పెద్దవయ్యాయి. "సత్తియమా తాతా?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పినానా?"

నోటు పుస్తకంలో నాలుగోది కూడా చేరింది.

*

తరువాత జరిగినది నేను చూడలేదు. జనని నాకు చెప్పినదే మీకు చెబుతున్నాను. అటువైపు వాళ్ళు మాట్లాడేది అరవం, సిపోరా ఆంటీది హిందీ, ఇంగ్లీషు కలిసిన అరవం. అన్నీ తెలుగు చేసే రాస్తున్నాను.

మంగళవారం జనని స్కూలు చార్టు పని మీద జులైకా ఇంటికి వెళ్ళింది. వాళ్ళ నందిత టీచర్ ఇద్దరికీ కలిపి ఇస్లాం, యూదు మతాల పవిత్ర స్థలాలు ఇచ్చింది. జులైకా మక్కాలోని కాబా బొమ్మ వేసింది. నల్లటి గుడ్డ కప్పిన నలుచదరపు కట్టడం.

"లోపల ఏముంటాది?" అని అడిగింది జనని.

"స్తంభాలు, దీపాలు. అంతే. విగ్రహాలు ఉండవు. లోకంలో మేమందరం దాని వైపు తిరిగి నమాజు చేస్తాం. మనకది పడమర."

"ఏమీ లేకపోతే గుడ్డ ఎందుకు కప్పినారు?"

"గౌరవానికి. నీకు అన్నీ డౌట్లే!" అని నవ్వింది జులైకా. జెరూసలేంలోని పాత రాతిగోడ బొమ్మ కూడా వేసింది. యూదులు దాని దగ్గర నిలబడి ప్రార్థన చేస్తారని, కోరికలు చీటీల మీద రాసి రాళ్ళ సందుల్లో పెడతారని పుస్తకంలో ఉంది. "ఆ ఊరు మాకూ పవిత్రమే. ఆడ మా పెద్ద మసీదు ఉండాది" అంది.

అంతలో మసీదు నుంచి సాయంత్రం నమాజు పిలుపు వినపడింది. మీరాన్ భాయ్ టోపీ పెట్టుకుని మసీదుకు బయలుదేరాడు. జులైకా, వాళ్ళమ్మ ముఖాలు, చేతులు, కాళ్ళు కడుక్కున్నారు.

"పది నిమిషాలు. మురుకులు తింటా ఉండు" అని ప్లేటు జనని ముందుకు తోసి జులైకా చాప మీద నిలబడింది. పడమర వైపు తిరిగి, జననికి వీపు పెట్టి.

నమాజులో ఉన్నవాళ్ళు మాట్లాడరు. వెనక్కి తిరిగి చూడరు. ఆ సంగతి జననికి తెలుసు.

ఆంటీ ఆఫీసులో ఉంది. మేడ మెట్లు ఖాళీగా ఉన్నాయి. జనని ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని పైకెక్కింది. గొట్టానికి పైన ఒక స్క్రూ, కింద ఒక స్క్రూ. జామెట్రీ బాక్సులోని స్కేలు అంచుతో తిప్పింది. పైది వదులుగానే ఉంది. కిందది రాలేదు. లాగింది. చెక్క కొంచెం చీలింది. గొట్టం చేతికి వచ్చింది.

లోపల పగడం లేదు. ఎర్రగా ఏమీ లేదు. గట్టి కాగితం లాంటి తోలు ముక్క చుట్ట చుట్టి ఉంది. విప్పితే నల్లటి అక్షరాలు, వరసలు వరసలుగా. చేత్తో రాసినవి. అంచున జనని బొటనవేలి ముద్ర పడింది. మురుకుల నూనె.

కింద వాళ్ళు నమాజు ముగించి చాపలు చుడుతున్న చప్పుడు. జనని గొట్టాన్ని జామెట్రీ బాక్సులో కుక్కేసింది. స్టూలు దించింది. "కడుపు నొప్పి" అని ఇంటికి పరిగెత్తింది.

*

మొదట్లో నేనొక మాటన్నాను, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదని. పచ్చి అబద్ధం. మొన్ననే పంచదార అనుకుని ఉప్పు డబ్బా ఊపి, కాఫీలో రెండు చెంచాలు వేసుకుని తాగాను. నేను చెప్పినవాటిలో నిజమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, రెండు వేళ్ళు చాలు. పెద్దవాళ్ళు నవ్వి వదిలేస్తారు కాబట్టి ఇన్నాళ్ళూ నడిచింది. పదకొండేళ్ళ పిల్ల నమ్మేసింది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

బుధవారం నుంచి ఎదురింట్లో ఏదో తేడాగా ఉంది. సిపోరా ఆంటీ మెట్లు దిగేటప్పుడు ఎవరి ముఖమూ చూడడం లేదు. మీరాన్ భాయ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే ప్రతివాణ్ణీ దొంగను చూసినట్టు చూస్తున్నాడు. జులైకా స్కూల్లో ఏడ్చిందట. "నువ్వు గాని ఆడుకుంటా తీసినావా?" అని వాళ్ళమ్మ మూడుసార్లు అడిగిందట.

గురువారం సాయంత్రం బిస్కెట్లకని జననిని వెంటబెట్టుకుని వీధి చివర పెరుమాళ్ టీ అంగడికి వెళ్ళాను. పెరుమాళ్‌కి టీ కాచడం కంటే కబుర్లు కాచడం బాగా వచ్చు.

"తెలుసా పెద్దాయనా? ఆ బొంబాయి అమ్మ ఇల్లు ఖాళీ చేస్తా ఉండాది" అన్నాడు.

"ఎందుకంట?"

"ఆమె తలుపుకి ఏదో దేవుడి గొట్టం ఉండేదంట. ఎవురో పీకేసినారు. ఎవురో ఏంది? టీవీలో చూస్తా ఉండాం కదా, వాళ్ళకీ వీళ్ళకీ పడదు. భాయ్ పనే."

"అట్నే అనుకుంటా" అని నేను తలూపాను. నలభై ఏళ్ళుగా ఎదురింట్లో ఉన్న మనిషి. మా ఇంట్లో జ్వరమొస్తే మొదట తలుపు తట్టే మనిషి. ఆయన గురించి ఆ మాట వింటూ నేను తలూపాను. ఎందుకూపావంటే నా దగ్గర జవాబు లేదు. మెడ ఉంది, ఊపాను.

జనని చేతిలో బిస్కెట్ల పొట్లం కింద పడింది.

"భాయ్ తాత కాదు" అంది.

"నీకేం తెలుసు పాపా" అన్నాడు పెరుమాళ్.

జనని నా చెయ్యి పట్టుకుని వీధిలోకి లాగింది. చేతిబండి పక్కన నిలబడి జామెట్రీ బాక్సు తెరిచింది. కాంపస్, పెన్సిళ్ళ మధ్య ఇత్తడి గొట్టం.

"తాతా, దీంట్లో పగడం లేదు" అని ఏడవడం మొదలుపెట్టింది. "మళ్ళీ ఆడ పెట్టేద్దామంటే భాయ్ తాత గుమ్మంలోనే కూర్చోనుండాడు. ఇప్పుడేం చెయ్యాలి? రాత్రి పారేద్దామా?"

"పారేస్తే భాయ్ దొంగగానే మిగిలిపోతాడు" అన్నాను.

జనని ముక్కు తుడుచుకుంది. బాక్సు మూసింది.

ఎదురింటికి వెళ్ళాం. నేను ముందు నడిచాను. జనని నా చొక్కా కొస పట్టుకుని వెనక వచ్చింది. గుమ్మంలో ఉన్న మీరాన్ భాయ్ మా ముఖాలు చూసి ఏమీ అడగకుండా లేచి మాతోపాటు మెట్లెక్కాడు. జులైకా కూడా వచ్చింది.

మేడ మీద తలుపు తీసి ఉంది. లోపల అట్టపెట్టెలు. సిపోరా ఆంటీ గిన్నెలు కాగితాల్లో చుడుతోంది. ద్వారబంధం మీద చీలిన చెక్క, స్క్రూలున్న చోట రెండు కన్నాలు.

జనని గొట్టాన్ని రెండు చేతులతో చాచింది.

"నేనే తీశా ఆంటీ. భాయ్ తాత కాదు. జులైకా కాదు. లోపల ఏమో దాచినారని అనుకున్నా."

"పగడం ఉండాదని నేనే చెప్పినా" అన్నాను నేను. 

ఆంటీ గొట్టం అందుకుంది. తోలు చుట్టను మెల్లగా విప్పి వెలుతురుకు పట్టి చూసింది. 

"దీన్ని మెజూజా అంటారు. ఇందులో ఏముందో నన్ను అడిగితే చెప్పేదాన్నే" అంది చివరికి. "మన దేవుడు ఒక్కడే, ఆయన్ని మనసారా ప్రేమించు, ఈ మాటలు నీ ఇంటి ద్వారబంధాల మీద రాసుకో అని ఉంటుంది. అంతే. ఇది మా అమ్మ ఇంటిది."

"శనివారం బెల్ నొక్కనిది..." అని నసిగింది జనని.

"ఆ రోజు మాకు విశ్రాంతి రోజు. పని చెయ్యం. కరెంటు కూడా ముట్టం. శుక్రవారం దీపాలు పెట్టేది ఆ రోజుకు స్వాగతం చెప్పడానికి." ఆంటీ గిన్నె కింద పెట్టింది. "రెండు రాత్రులుగా కుర్చీ తలుపుకు అడ్డం పెట్టుకుని పడుకుంటున్నా, జననీ. ఎవరో నన్ను ఈడ నుంచి పొమ్మంటున్నారనుకున్నా. భాయ్‌ని కూడా అనుమానించా." ఆయన వైపు తిరిగింది. "తప్పయిపోయింది భాయ్."

"నేను మాత్రం తక్కువ తిన్నానా అమ్మా?" అన్నాడు మీరాన్ భాయ్. "నా మీద నింద వెయ్యడానికి మీరే తీసి దాచుకున్నారేమోనని ఒక పూట అనుకున్నా. అల్లా క్షమించాలి. మా ఇబ్రాహీం నబీ, మీ అబ్రహాం ఒకరే కదా. ఒక తాత బిడ్డలు ఒక ఇంట్లో ఉంటున్నారని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి."

 తరువాత ఆంటీ ఒక అట్టపెట్టె మూత తీసి గిన్నెలు బయటపెట్టడం మొదలుపెట్టింది.

జులైకా మాత్రం మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"నీకు వీపు పెట్టి నిలబడినా" అంది జననితో. "నువ్వుండావు కదా అని." కిందికి వెళ్ళిపోయింది.

జనని ఆ తరువాత ఏడవలేదు. ఆ మాటకు జవాబుగా ఏడుపు కూడా సరిపోదని దానికి తెలిసినట్టుంది.

*

పెరుమాళ్ అంగడికి మర్నాడు పొద్దున జననే వెళ్ళింది. నలుగురు టీ తాగుతుండగా, "తీసింది నేను. భాయ్ తాత కాదు" అని గట్టిగా చెప్పి వచ్చింది. పెరుమాళ్ టీ పొంగిపోయిందట.

మెజూజాలో ఒక్క అక్షరం పాడైనా అది పనికిరాదట. ఆ అక్షరాలు రాయడం నేర్చినవాళ్ళే చూసి చెప్పాలట. అందుకని ఆంటీ దాన్ని బొంబాయి పంపింది. మూడు వారాలు ద్వారబంధం ఖాళీగా ఉంది. ఆంటీ ఇంట్లోంచి వస్తూ అలవాటుగా చెయ్యి ఎత్తేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. చెయ్యి దించుకుని వెళ్ళేది. జనని మా కిటికీలోంచి అది చూసేది. చూసిన ప్రతిసారీ కిటికీ దగ్గర నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయేది. 'రహస్యం' పుస్తకంలో మిగిలిన కాగితాలు చింపి లెక్కలకు వాడుకుంది.

బెంచీ మీద జులైకా మధ్యలో బ్యాగు పెట్టుకుని కూర్చునేదట.

నాలుగో వారం మెజూజా తిరిగి వచ్చింది, కబురుతో సహా. నూనె మరక అంచున ఆగింది, అక్షరాన్ని తాకలేదు. మీరాన్ భాయ్ వడ్రంగి చేత చీలిన చెక్క సరిచేయించాడు. ఆదివారం సాయంత్రం ఆంటీ మమ్మల్నందరినీ పిలిచి, ప్రార్థన చదివి మెజూజా మళ్ళీ బిగించింది. స్క్రూడ్రైవర్ అందించింది జనని. తరువాత మలీదా పెట్టింది. అటుకులు, కొబ్బరి, చక్కెర, ఏలకులు, పండ్ల ముక్కలు. బొంబాయి యూదులు మంచి జరిగినప్పుడు చేసుకునేది. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను.

జులైకా తన ప్లేటు తీసుకుని వచ్చి జనని పక్కన కూర్చుంది.  కాసేపటికి, "చార్టులో గోడకి రంగు నువ్వే వెయ్యి. నాది పాడైంది" అంది జులైకా.

అప్పుడే జనని కిటికీ గట్టు మీద ఒక గులకరాయి చూసింది. నున్నటిది, కడిగి తుడిచి, గుడ్డ మీద విడిగా పెట్టినది. ఏ ఇంట్లోనైనా గులకరాయిని తుడిచి దాచుకుంటారా? దాని కనుబొమలు పైకి లేచాయి.  నేను నోరు తెరవబోయి గట్టిగా మూసుకున్నాను.

జనని రాయిని ముట్టలేదు. లేచి ఆంటీ దగ్గరికి వెళ్ళింది.

"ఆంటీ, ఈ రాయి దేనికి? చెప్పకూడదంటే వద్దు."

ఆంటీ నవ్వింది. "లాయిడ్స్ రోడ్డు దగ్గర మావాళ్ళ పాత సమాధులు కొన్ని ఉన్నాయి. వాళ్ళ మనుషులెవరూ ఇప్పుడు ఈ ఊళ్ళో లేరు. మేము సమాధి మీద పూలు పెట్టం, రాయి పెడతాం. ఎవరో వచ్చి తలుచుకున్నారని గుర్తు. వచ్చే ఆదివారం వెళ్తున్నా."

జనని ఆ రాయి వైపు చూసింది. "ఒక్కటే ఉండాది. సమాధులు చాలా ఉంటాయి కదా?"

ఆ వారమంతా జనని, జులైకా వీధిలో తల వంచుకుని తిరిగారు. ఆదివారానికి జామెట్రీ బాక్సు నిండా గులకరాళ్ళు పోగుచేశారు. ప్రతి రాయినీ కడిగారు. సమాధుల దగ్గర ఆంటీ ఎక్కడ పెట్టమంటే అక్కడ, అడిగి అడిగి, ఒక్కొక్కటీ పెట్టారు.

ఇక ఒక్క మాట. ఈ కథలో ఒకచోట నేను కల్పించి రాశాను. చెప్పేస్తాను, లేకపోతే జనని చదివినప్పుడు ఊరుకోదు. ఆ గురువారం ఎదురింటికి వెళ్ళేటప్పుడు నేను ముందు నడిచానని, అది నా చొక్కా పట్టుకుని వెనక వచ్చిందని రాశాను కదా? నేను వీధిలోనే ఆగి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నిలబడ్డాను. ఆ చెప్పులకు బిగించే పట్టీయే లేదు. జనని వెనక్కి వచ్చి, "దా తాతా, నేనుండాను" అని నా చెయ్యి పట్టుకుంది. ముందు నడిచింది అదే.